"కనిపెట్టుకొని యుండుము" అంటే ఏం చేయాలి? హబక్కూకు 2:3 మీద నాలుగు శుక్రవారాల పాఠం

విభాగం: పాత నిబంధన అధ్యయనం, నల్లగొండ–పాలమూరు

దేవరకొండ_కూడిక
సోమవారం, రాత్రి 8:50

అందరికీ వందనాలు. స్త్రీల ఉపవాస కూడికలో వచ్చే నాలుగు శుక్రవారాలు "దేవుని సమయం" మీద వాక్యం చెప్పాలె. పత్తి ఏరేవాళ్లు, ఉపాధి పనికి పోయేవాళ్లు, డిగ్రీ చదివే ఆడపిల్లలు అందరూ కలిసి కూర్చుంటరు. పాటలు, ప్రార్థన పోను వాక్యానికి నలభై నిమిషాలే. మూలవాక్యం హబక్కూకు 2:3: దర్శనం నిర్ణయకాలమున జరుగుతది, ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము, జాగుచేయక వచ్చును అని. చిక్కులు మూడున్నయి.

"కనిపెట్టుము" అంటే చదువుకునే పిల్లలకు సైంటిస్టు ఏదో కొత్తది కనిపెట్టినట్టు వినబడుతది. రెండోది, అదే వచనంలో "ఆలస్యముగా వచ్చినను" అని ఉన్నది, ఆ వెంటనే "జాగుచేయక వచ్చును" అని ఉన్నది. ఆలస్యమైతదా, కాదా అని అడిగితే ఏం చెప్పాలె? మూడోదే పెద్దది. పిల్లకు సంబంధం కుదరకున్నా, బోరుల నీళ్లు పడకున్నా, ఆఖరికి రేషన్ కార్డుకు దరఖాస్తే పెట్టకున్నా "దేవుని సమయం ఇంకా రాలేదు" అనే మాటే. ఆ మాటకు లేఖనంలో హద్దు ఎక్కడున్నదో చూపించాలె. పాత నిబంధన వరకే ఉందాం, కొత్త నిబంధన పత్రికల్లోకి పోతే నాలుగు వారాలు చాలవు.

మూలభాష_పాలమూరు
సోమవారం, రాత్రి 10:15

అక్కా, మొదటి చిక్కు తెలుగుదే, హీబ్రూది కాదు. "పిల్లగాన్ని కనిపెట్టుకొని ఉండు" అని పల్లెల్లో ఇప్పటికీ అంటరు. కన్ను పక్కకు తిప్పకుండా కాపు కాయడమన్నమాట. ఆ వాడుక గుర్తు చేస్తే సైంటిస్టు గొడవ ఒక్క నిమిషంలో తీరుతది.

ఆ ఒక్క తెలుగు మాట కింద హీబ్రూలో ముఖ్యంగా మూడు క్రియలున్నాయి. కావా (స్ట్రాంగ్ పదకోశంలో ఆ మాట సంఖ్య 6960) కీర్తన 27:14లోనూ, యెషయా 40:31లోనూ ఉంది. యాహల్ (3176) నోవహు పావురాన్ని మళ్లీ పంపే ముందు ఇంకో ఏడు దినాలు తాళిన చోట, ఆదికాండము 8:12లో. మీ మూలవాక్యంలో ఉన్నది మూడోది, హాకా (2442). ఇక్కడ ఒక గొప్ప సంగతి ఉంది, దయచేసి విడిచిపెట్టొద్దు. యెషయా 30:18 తెరవండి. మీయందు దయచూపవలెనని యెహోవా "ఆలస్యము చేయుచున్నాడు" అని మన తెలుగులో ఉంది. మూలంలో ఆ చోట ఉన్న క్రియ ఇదే హాకా. అదే వచనం చివర ఆయన కోసం "కనిపెట్టుకొనువారందరు ధన్యులు" అన్నప్పుడూ హాకానే. మనిషి ఆయన కోసం కనిపెడుతున్నాడు, ఆయనా దయచూపడానికి కనిపెడుతున్నాడు. ఒకే వచనం, ఒకే క్రియ, రెండు వైపులా. తెలుగులో రెండు వేరు మాటలు పడేసరికి ఈ జత మనకు కనబడదు.

రెండో చిక్కు. "ఆలస్యముగా వచ్చినను" అన్న చోట మూలంలోని మాట యిత్‌మహ్మహ్. సొదొమలో లోతు తడవు చేసినప్పుడు (ఆదికాండము 19:16) వాడిన క్రియ ఇదే. కాలు కదలకపోవడం, తాత్సారం. "జాగుచేయక" అన్న చోట ఉన్నది అహర్. ఈ క్రియ ద్వితీయోపదేశకాండము 23:21లో మొక్కుబడి గురించి వస్తుంది: మొక్కుకున్నది చెల్లించడానికి జాగుచేయవద్దు, అంటే గడువు దాటించవద్దు. కాబట్టి వచనంలో వైరుధ్యం లేదు. చూసేవాడి కంటికి అది తాత్సారం చేస్తున్నట్టు ఉండొచ్చు, గడువు మాత్రం దాటదు.

ఒక జాగ్రత్త. కావా నుంచి వచ్చిన తిక్వా (8615) అంటే నిరీక్షణ. రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారానికీ (యెహోషువ 2:18) తిక్వా అనే మాటే ఉంది. దీన్ని పట్టుకొని "పోగులు పెనవేసినట్టు దేవునితో పెనవేసుకోవడమే కనిపెట్టడం" అని చాలామంది చెప్తరు. పోచంపల్లి, గద్వాల మగ్గాల దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు ఆ పోలిక ఇట్టే పడుతది. పోలికగా చెప్పండి, అర్థంగా చెప్పకండి. అక్షరాలు ఒకటైనంత మాత్రాన ప్రతి వచనంలో దారం ఉండదు.

జడ్చర్ల_సండేస్కూల్
మంగళవారం, ఉదయం 6:20

కీర్తన 130:6 కూడా తీసుకోండక్కా. కావలివారు ఉదయం కోసం కనిపెట్టే మాట అక్కడుంది, రెండుసార్లు. జొన్నచేను మీద మంచె చూసినోళ్లకు వివరించే పని లేదు.

చిన్న సవరణ మాత్రం అవసరమైతది. మన జాము మూడు గంటలు, రాత్రికి నాలుగు జాములు. పాత నిబంధనలో రాత్రికి మూడే కావళ్లు: మొదటిది (విలాపవాక్యములు 2:19), నడిమిది (న్యాయాధిపతులు 7:19), వేకువది (నిర్గమకాండము 14:24). ఒక్కోటి సుమారు నాలుగు గంటలు. నాలుగు జాముల లెక్క రోమా కాలంలోది, సువార్తల్లో కనబడుతది. రెండూ కలిపితే గిద్యోను కథలో వేళ తప్పుతది.

ఇంకొకటి. కావలివాడు తెల్లారుతదా లేదా అని చూడడు. తెల్లారుడు ఖాయమని తెలిసి, అప్పటిదాక పందులు చేనుల పడకుండ చూస్తడు.

మూలభాష_పాలమూరు
మంగళవారం, ఉదయం 9:40

ఆఖరి మాట బాగుంది. దాన్ని "నిర్ణయకాలము" అనే మాటతో కలపాలి. హబక్కూకు 2:3లో ఆ మాటకు మూలం మోయేద్ (4150). పాత నిబంధనలో రెండువందలకు పైగా చోట్ల వస్తుంది. శారాకు కొడుకు పుట్టేది మోయేద్‌లో (ఆదికాండము 18:14, 21:2). పస్కా, వారాల పండుగ, పర్ణశాలల పండుగ అన్నీ మోయేద్‌లే, లేవీయకాండము 23లో "నియామకకాలములు" అని చదువుతాం. ఆదికాండము 1:14లో సూర్యచంద్రులను పెట్టిన కారణాల్లో ఒకటి మోయేద్‌లు తెలియడానికి.

అన్నిటికంటే ఎక్కువసార్లు ఈ మాట దాగి ఉన్నది ఎక్కడంటే, "ప్రత్యక్షపు గుడారము"లో. మూలంలో అది ఓహెల్ మోయేద్. మోయేద్ అంటే ముందే అనుకొని కలుసుకునే వేళ, అట్లా కలుసుకునే చోటు కూడా. "నేనక్కడ నిన్ను కలుసుకొని" అనే భావం నిర్గమకాండము 25:22లో ఉంది, క్రియ అదే మూలం నుంచి వచ్చింది. కూడికలో "దేవుని సమయం" అని వినగానే మనసులోకి వచ్చేది గోడ మీది క్యాలెండరు. హీబ్రూ వినేవాడికి ఆ మాటలో గుడారం కూడా వినబడుతుంది.

పంచాంగం_వనపర్తి
మంగళవారం, మధ్యాహ్నం 1:05

క్యాలెండరు మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్తాను. యూదుల నెలలు మన నెలల్లాగే చంద్రుణ్ని బట్టి నడుస్తాయి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు, సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ. ఊరకే వదిలేస్తే మూడేళ్లకు ఒక నెల వెనకబడుతుంది. మనం అధిక మాసం కలుపుతాం, వాళ్లూ కలుపుతారు. 19 ఏళ్లకు 7 నెలలు అన్న లెక్క రెండుచోట్లా దాదాపు సరిపోతుంది. తేడా ఎక్కడంటే, మనకు సంక్రమణం లేని నెల ఏది వస్తే అదే అధికం. వాళ్లకు ఎప్పుడూ అదారు నెలే రెండుసార్లు వస్తుంది.

ఎందుకు అదారే? దాని తర్వాతి నెలలో పస్కా ఉంది. పస్కా ఆబీబు నెలలో రావాలని ద్వితీయోపదేశకాండము 16:1. ఆబీబు అంటే యవల కంకి పాలు పోసుకొని గట్టిపడే దశ. తిథి వచ్చినా కంకి రాకపోతే నెల కలిపి పండుగను వెనక్కి జరిపేవారు. స్థిరమైన గణితం ఆ తర్వాతి కాలంలో వచ్చింది. నియామకకాలం అంటే రాయి మీద చెక్కిన తేదీ అనుకుంటే ఈ పద్ధతి అర్థం కాదు.

తొలకరి_అచ్చంపేట
మంగళవారం, రాత్రి 9:30

పంట మాట వచ్చింది కాబట్టి వానల గురించి. "తొలకరి వాన, కడవరి వాన" (ద్వితీయోపదేశకాండము 11:14) మీద మన దగ్గర చెప్పే ప్రసంగాలు చాలావరకు నెలలే తప్పు చెప్తున్నయి. మనకు తొలకరి అంటే మృగశిర కార్తె, జూన్. ఇశ్రాయేలులో ఎండాకాలమంతా చుక్క పడదు. వాళ్ల తొలకరి (యోరె) అక్టోబరు–నవంబరులో పడుతది. ఎండకు గట్టిపడ్డ నేల అప్పుడే మెత్తబడి దుక్కికి వస్తది. కడవరి వాన (మల్కోష్) మార్చి–ఏప్రిల్, కంకి నిండే వేళ. నడుమ చలికాలంలోనే అసలు వానలు. తొలకరి పడకపోతే విత్తడమే ఉండదు, కడవరి పడకపోతే గింజ తాలుపోతది. రెండు వానల నడుమ అయిదు నెలలు. ఆ అయిదు నెలలు రైతుకు పని లేదనుకుంటే పొరపాటు.

అదే అధ్యాయం 10, 11 వచనాలు చదివితే మన జిల్లా మనకే కనబడుతది. ఐగుప్తు కాలువ నీళ్ల భూమి, కనాను వాననీళ్లు తాగే కొండల భూమి. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, దేవరకొండ మెట్ట. మోషే మెచ్చుకున్నది మెట్టనే అక్కా! ఏడాది మొదటి నుంచి చివరిదాక దేవుని కన్ను దాని మీద ఉంటదని 12వ వచనం.

యూదు పెద్దలు వాన కోసం ఎట్ల కనిపెట్టేవాళ్లో మిష్నాలో (యూదు పెద్దల తీర్పుల పాత సంకలనం), తానీత్ అనే భాగం మొదటి అధ్యాయంలో ఉంది. మర్హెష్వాను నెల (అక్టోబరు–నవంబరు) 17 దాక వాన రాకుంటే ముందు పెద్దలు మాత్రం మూడు ఉపవాసాలు ఉంటరు. దాని తర్వాతి నెల కిస్లేవు మొదటి తేదీకీ రాకుంటే జనమందరికీ మూడు. తర్వాత ఇంకో మూడు, ఆ తర్వాత ఏడు. జనానికి మొత్తం పదమూడు. మొదటి రోజే అందరినీ పస్తు పెట్టరు. ఇంకా నాకు నచ్చింది మూడో వాక్యం: పర్ణశాలల పండుగ అయిన తర్వాత పదిహేను రోజులు వాన కావాలని అడగకుండ ఆగాలని రబ్బాన్ గమలీయేలు తీర్పు. యెరూషలేముకు వచ్చిన యాత్రికుల్లో ఆఖరివాడు ఫరాతు (యూఫ్రటీసు) నది చేరేదాక. దారిలో ఉన్నోడు బురదలో చిక్కుతడని చేను ఉన్నోడు తన ప్రార్థనను ఆపుకుంటడు.

బత్తాయి_బాట
బుధవారం, ఉదయం 5:55

లేవీయకాండము 19:23-25 ఎవరూ తీయలేదు. చెట్టు నాటితే మొదటి మూడేళ్ల కాయ తినొద్దు, నాలుగో ఏట కాయంతా యెహోవాకు ప్రతిష్ఠితం, అయిదో ఏట నుంచి మీరు తినండి. అట్ల చేస్తే మీకు ఫలం విస్తరిస్తదని అక్కడే ఉన్నది. నల్లగొండ బత్తాయి రైతులకు ఇది ఊరి మాటలాగే ఉంటది. అంటు నాటిన తర్వాత మొదటి రెండు మూడేళ్లు పూత, పిందె కనబడితే తుంచేస్తరు. లేత చెట్టు కాయ మోస్తే వేరు, కొమ్మ కట్టవు. నాలుగో ఏడు దాటినంకనే లెక్కకు వచ్చే కాపు. ఆ మూడేళ్లు నీళ్లు, పాదులు, అంటు కింద వేరుమూలం నుంచి లేచే చిగుళ్లు తీయడం ఏదీ ఆగదు. ఆ అడుగు చిగురు వదిలేస్తే చెట్టు పచ్చగనే పెరుగుతది, కాని అది బత్తాయి కాదు, కింది నిమ్మ చెట్టు.

ఇంకోటి, కాపు చెట్టుకు చలికాలంలో కావాలనే నీళ్లు ఆపి బెట్టకు వదులుతరు, పూత ఒక్కసారి రావాలని. తేలిక నేలలో తక్కువ రోజులు, నల్లరేగడిలో ఎక్కువ. రోజులు మించితే ఆకు రాలి కొమ్మ ఎండుతది.

మూలభాష_పాలమూరు
బుధవారం, ఉదయం 8:10

అన్నా, మొదటి పేరా పాఠంలో అట్లనే పెట్టొచ్చు. రెండోది ఆలోచించి వాడాలి. "నీకు కష్టం వచ్చింది పూత కోసమే" అని దుఃఖంలో ఉన్న మనిషితో అంటే, ఆ మాట లేవీయకాండములో లేదు. యోబు స్నేహితులు చేసింది అదే. కారణం తెలియని కష్టానికి కారణం కట్టిచ్చారు, 42:7లో దేవుడు వాళ్లను గద్దించాడు.

ఆలస్యానికి కారణాన్ని లేఖనమే చెప్పిన చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర ఆగితే చాలు. నిర్గమకాండము 13:17: ఫిలిష్తీయుల దారి దగ్గరే అయినా, యుద్ధం చూసి జనం వెనక్కి మళ్లుతారని చుట్టు దారి. 23:29-30: కనానీయులను ఒక్క ఏడాదిలో వెళ్లగొట్టను, దేశం పాడై అడవి మృగాలు పెరుగుతాయి, కొంచెం కొంచెంగా. ఆదికాండము 15:16: అమోరీయుల అక్రమం ఇంకా సంపూర్ణం కాలేదు. ఈ మూడో కారణం చూడండి. అబ్రాహాము సంతానం నాలుగు తరాలు ఆగాల్సి వచ్చింది, వాళ్ల లోపం వల్ల కాదు, ఎదుటి జాతికి ఇచ్చిన గడువు వల్ల. విశ్వాసం తక్కువై ఆలస్యమైందని ఎవరినీ నిందించకుండా కాపాడే వచనం ఇది.

సూర్యాపేట_వాక్యపరీక్ష
బుధవారం, మధ్యాహ్నం 2:30

నాలుగు వారాల్లో ఎక్కడో ఒకచోట ఎవరో యిర్మీయా 29:11 ఎత్తుతారు. గోడ గడియారాల మీద, పెళ్లి కార్డుల మీద ఉండే వచనం. దానికి పైన 10వ వచనం చదవకుండా ముందుకు పోనివ్వకండి. "డెబ్బది సంవత్సరములు" అని అక్కడుంది. క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాతోపాటు బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఇరవై ఏళ్ల పిల్ల ఆ ఉత్తరం విన్నదనుకుంటే, డెబ్బై ఏళ్లు నిండేసరికి తొంభై దాటుతుంది. "నిరీక్షణ" (అక్కడ కూడా తిక్వానే) ఆమె మనవరాలి కాలానికి. అయినా 5, 6 వచనాల్లో ఆమెకు చెప్పిన పని ఉంది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేయండి, ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి (7).

డెబ్బై ఏళ్ల లెక్కను రెండు రకాలుగా కడతారు. నెబుకద్నెజరు యూదా మీద పట్టు సాధించిన 605 నుంచి తిరిగి వెళ్లమని పారసీక రాజు కోరెషు ఆజ్ఞ వచ్చిన 538 వరకు ఉజ్జాయింపుగా. లేదంటే మందిరం కాలిన 586 నుంచి తిరిగి కట్టడం పూర్తయిన 515 వరకు దాదాపు సరిగ్గా. కూడికలో రెండో లెక్క చాలు.

ముందు అధ్యాయం 28 కూడా చదవాలి. హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలోనే చెర తీరుతుందన్నాడు. జనం కోరుకునే మాట. యిర్మీయా మొదట "ఆమేన్, యెహోవా ఆలాగే చేయుగాక" అన్నాడు. హనన్యా తన మెడ మీది కాడి విరగ్గొట్టాక కూడా వాదించకుండా వెళ్లిపోయాడు. దేవుని మాట తర్వాత వచ్చింది, అప్పుడే తిరిగి వచ్చి జవాబిచ్చాడు. తొందర వార్తకు తొందర జవాబు ఇవ్వలేదు. "ఈ నెలాఖరులోపు నీ అద్భుతం" అనే వాగ్దానాలు ఫోన్లలో చక్కర్లు కొట్టే రోజుల్లో ఈ అధ్యాయం స్త్రీల కూడికలో తప్పకుండా చదవాలి.

జడ్చర్ల_సండేస్కూల్
బుధవారం, రాత్రి 7:45

దానికి తోడు యిర్మీయా 32. బబులోను సైన్యం ముట్టడి వేసి ఉంది, తాను చెరసాల ఆవరణంలో ఉన్నడు. అప్పుడు అనాతోతులో పొలం కొన్నడు, 17 షెకెళ్ల వెండికి. షెకెలు సుమారు 11.4 గ్రాములు, మన పాత తులం 11.66. పదిహేడు తులాల వెండి అనుకోవచ్చు, తూకం వేసే ఇచ్చిండు. రెండు కాగితాలు: ముద్ర వేసింది ఒకటి, తెరిచి ఉంచింది ఒకటి. సాక్షుల సంతకాలు. చాలా దినాలు ఉండాలని రెండూ మట్టి కుండలో పెట్టమన్నడు. తెరిచింది ఎవరైనా చదవడానికి, ముద్ర వేసింది మార్చకుండ కాపాడడానికి. రిజిస్ట్రేషను తెలిసిన మన ఆడవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలె. ఇక్కడ కనిపెట్టడం అంటే దస్తావేజు రాయడం.

దేవరకొండ_కూడిక
బుధవారం, రాత్రి 9:20

అందరికీ దేవుడు మేలు చేయుగాక. రాసుకుంటనే ఉన్న. మూడో చిక్కు మాత్రం ఇంకా తీరలేదు. "సమయం రాలేదు" అనే మాట ఎప్పుడు విశ్వాసం, ఎప్పుడు సాకు? సూటిగ చెప్పే వచనం కావాలె.

సూర్యాపేట_వాక్యపరీక్ష
గురువారం, ఉదయం 7:00

హగ్గయి 1:2. "సమయమింక రాలేదు" అనే మాట అక్షరాలా జనం నోట ఉంది, దేవుడు దాన్ని గద్దిస్తున్నాడు. కోరెషు కాలంలో తిరిగి వచ్చి పునాది వేశారు (ఎజ్రా 3). శత్రువులు ఆపారు. పదిహేనేళ్లకు పైగా గడిచింది. మొదట అడ్డంకి నిజమైనదే, తర్వాత అది అలవాటైంది. పారసీక రాజు దర్యావేషు రెండో ఏడు, ఆరో నెల మొదటి దినం, క్రీ.పూ. 520లో హగ్గయి లేచి అడిగాడు: మందిరం పాడై ఉండగా మీరు సరంబీ (చెక్కపలకలు) వేసిన ఇళ్లలో ఉండటానికి సమయం వచ్చిందా? అదే నెల 24వ దినాన పని మొదలు (1:15). ఇరవైమూడు రోజులు. దర్యావేషు ఆరో ఏట అదారు మూడో దినాన పూర్తి (ఎజ్రా 6:15).

నాలుగో వచనం ప్రశ్నే మీక్కావలసిన కొలబద్ద. తన సొంత పనికి సమయం ఉండి, అప్పగించిన పనికే సమయం రాలేదంటే అది కనిపెట్టడం కాదు.

మూలభాష_పాలమూరు
గురువారం, ఉదయం 9:15

హగ్గయి సరైన చోటు. దానికి ఎదురు వైపు సౌలును పెట్టండి, లేకపోతే "ఇక ఆగకుండా చేసేయడమే విశ్వాసం" అని వెళ్లిపోతారు. 1 సమూయేలు 13లో, సమూయేలు ప్రవక్త వస్తాడని గిల్గాలులో సౌలు రాజు ఏడు దినాలు ఆగాడు. మోయేద్ అనే మాట అక్కడ కూడా ఉంది (8). ఎదుట ఫిలిష్తీయుల ఆరువేల గుర్రపు రౌతులు, తన జనం చెదిరి చివరికి ఆరువందల మంది. దహనబలి తానే అర్పించాడు. అది ముగిసీ ముగియకముందే సమూయేలు వచ్చాడు. సౌలు వారం రోజులు బాగానే కనిపెట్టాడు, చివరి గంటలో చేయిజారింది. 12వ వచనంలో అతని సంజాయిషీ అందరికీ తెలిసిన మాటే: గత్యంతరం లేక తెగించాను.

సంఖ్యాకాండము 14 ఇంకా కఠినం. వెళ్లమన్నప్పుడు కనానులోకి వెళ్లలేదు. నలభై ఏళ్ల తీర్పు విన్నాక తెల్లవారుజామునే లేచి "వెళ్తాం" అన్నారు (40). మందసం పాళెం విడిచి కదల్లేదు (44). హోర్మా వరకు తరిమి కొట్టారు. నిన్న విధేయతగా ఉన్న పనే ఇవాళ తిరుగుబాటు అయింది. ఇక నిర్గమకాండము 14లో పదమూడో వచనం "నిలుచుండి చూడుడి" అంటే, పదిహేనో వచనం ఎందుకు మొరపెడుతున్నావు, సాగిపొమ్మను అంటుంది. రెండు వచనాల తేడా. కాబట్టి ఆగడం గొప్పదని గానీ, కదలడం గొప్పదని గానీ సూత్రం కట్టడానికి వీల్లేదు. గుడారం మీది మేఘం కదిలితే కదలాలి, రెండు దినాలు నిలిచినా, నెల నిలిచినా, ఏడాది నిలిచినా నిలవాలి (సంఖ్యాకాండము 9:22).

తొలకరి_అచ్చంపేట
గురువారం, రాత్రి 8:00

సౌలుకు మన పోలిక చాలా దగ్గర. మొదటి జల్లుకే పత్తి గింజ పెడితే పైపొర తడికి మొలకొస్తది, కింద తడి లేక మాడిపోతది, మళ్లీ విత్తనం కొనాలె. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి దుక్కి లోపలిదాక తడిసినంకనే విత్తమని వ్యవసాయ అధికారులు చెప్పేది అందుకే. అదే రైతు పదును ఆరిపోయేదాక ఆగినా నష్టమే. ఆగడమూ, కదలడమూ రెండూ పదును చూసే.

పట్నంపోయిన_నర్సు
గురువారం, రాత్రి 10:40

అక్కా, ఒక్క విషయం గట్టిగ చెప్పండి. శారా, హన్నా కథలు పిల్లలు లేని స్త్రీల ముందు చెప్పేటప్పుడు "నువ్వూ నమ్ము, వచ్చే ఏడాది ఈపాటికి" అనే మాట ఎవరి నోటి నుంచి రానివ్వకండి. ఆదికాండము 18:14 ఒక నిబంధనలో భాగం, అబ్రాహాముకు పేరు పెట్టి ఇచ్చిన మాట. ఆ మాట ఇవ్వని మనిషికి తేదీ పెట్టి, తేదీ దాటినంక ఆమె విశ్వాసాన్నే అనుమానిస్తే ఆ గాయం మానదు.

మందులు కూడా. బీపీ, షుగరు, థైరాయిడ్ గోళీలు ఉపవాస కూడికల కాలంలో ఆపేస్తరు. 2 రాజులు 20 చదివించండి. పదిహేను ఏండ్ల ఆయుష్షు ఇస్తనని దేవుడే హిజ్కియాకు చెప్పినంక కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించిండు (7). వాగ్దానం వచ్చింది కాబట్టి మందు వద్దు అనలేదు. షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు పస్తు ఉండే ముందు డాక్టరును అడగాలె. వాళ్లు తిని వచ్చి కూర్చోవచ్చని ముందే మైకులో చెప్పండి, అడగడానికి సిగ్గుపడతరు.

మూలభాష_పాలమూరు
శుక్రవారం, ఉదయం 6:30

నర్సు అక్క చెప్పిన తేదీల మాటకు ఒక పాత సాక్ష్యం ఉంది. బబులోను తాల్మూదులో (యూదు పెద్దల చర్చల గ్రంథం), సన్హెద్రిన్ అనే భాగం 97వ పత్రం వెనకవైపు, అంత్యకాలానికి లెక్కలు కట్టేవాళ్ల మీద ఒక శాపవాక్యం ఉంది. కారణం కూడా అక్కడే ఉంది: లెక్క వేసిన తేదీ వచ్చి, మెస్సీయ రాకపోతే, జనం ఇక ఎప్పటికీ రాడు అంటారని. దానికి జవాబుగా అక్కడ ఎత్తిన వచనం మీ హబక్కూకు 2:3. యూదు పండితుడు మైమొనిడీస్ (1138–1204) యెమెను యూదులకు రాసిన ఉత్తరంలో కూడా లెక్కలు కట్టొద్దని హెచ్చరిక ఉంది. 1947లో మృత సముద్రం దగ్గర దొరికిన చుట్టల్లో హబక్కూకు వ్యాఖ్యానం ఒకటి ఉంది. వాళ్లూ ఈ వచనం దగ్గరే ఆగి, కడవరి కాలం ప్రవక్తలు చెప్పినదానికంటే పొడుగవుతుందని రాసుకున్నారు. రెండువేల ఏళ్లుగా ఈ ఒక్క వచనం మీద జనం కాపు కాస్తున్నారు.

తర్వాతి వచనంలో (హబక్కూకు 2:4) "విశ్వాసము" అని మనం చదివేది ఎమునా (530). మోషే చేతులు సూర్యుడు అస్తమించేదాకా "స్థిరముగా" ఉన్నాయన్న చోట (నిర్గమకాండము 17:12) ఉన్నదీ ఎమునానే. అక్కడ మోషే కూర్చోవడానికి కింద రాయి వేశారు, ఆ చేతులను అహరోను, హూరు చెరో పక్క పట్టుకున్నారు. ఆ చేతులు వాటంతట అవి నిలబడలేదు. కూడికలో పక్కనున్న అక్క చెయ్యి పట్టుకొని ఈ వచనం చదివించండి.

దేవరకొండ_కూడిక
శుక్రవారం, మధ్యాహ్నం 12:10

ఇట్ల సర్దుకున్న. మొదటి వారం హబక్కూకు 2:3, యెషయా 30:18, కావలివాడు. రెండో వారం అబ్రాహాము ఇరవై అయిదేండ్లు, బత్తాయి వచనం, నర్సు అక్క జాగ్రత్తలు. మూడో వారం యిర్మీయా 28, 29, 32. నాలుగో వారం హగ్గయి, సౌలు పక్కపక్కన. చివర హబక్కూకు 3:17-18 అందరం కలిసి పైకి చదవడం: అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెలు, పశువులు. ఆరు లేవని చెప్పి, ఏదీ తిరిగి వచ్చిందని చెప్పకుండానే పాట మొదలైతది అక్కడ.

అబ్రాహాము ఏండ్లు చదువు రాని అమ్మలకు ఎట్ల చూపించాలె? బోర్డు మీద అంకెలు రాస్తే సగం మందికి అందదు.

జడ్చర్ల_సండేస్కూల్
శుక్రవారం, మధ్యాహ్నం 12:35

తాడు తీసుకోండి. ఏడాదికి ఒక జాన చొప్పున ఇరవై అయిదు జానలు, అంటే పన్నెండున్నర మూరలు. రెండు చివర్లు పట్టుకోవడానికి కలిపి పదమూడున్నర మూరలు కొనండి. ముడులు వేయకండి, ఒక్కో ముడికి ఇంత తాడు పోయి కొలత తప్పుతది. జాన జానకు రంగు గుడ్డపేలిక కట్టండి. మొదటి చివర హారాను విడిచినప్పుడు 75 ఏండ్లు. పదో పేలిక దగ్గర హాగరు (ఆదికాండము 16:3), పదకొండో దగ్గర ఇష్మాయేలు, అప్పటికి 86. ఇరవైనాలుగో దగ్గర 99 ఏండ్లు, పేరు మారింది. ఇరవై అయిదో పేలిక ఎర్రది కట్టండి, ఇస్సాకు. పదకొండుకూ ఇరవైనాలుగుకూ నడుమ పదమూడు జానలు, ఆ మధ్యల దేవుడు మాట్లాడినట్టు ఒక్క వచనం లేదు. ఆ పన్నెండు పేలికలు తెల్లవి పెట్టి, తాడును ఒక అమ్మ చేతి నుంచి ఇంకో అమ్మ చేతికి మెల్లగ పోనివ్వండి. తెల్ల పేలికలు వచ్చినప్పుడు ఎవ్వరూ మాట్లాడొద్దు.